నలభై ఒకటో నిబంధన

ల్యాబ్ టెక్నాలజీలో నాలుగేళ్ళ డిగ్రీ ఇచ్చే ఆ కాలేజీలో రక్తం గురించి తెలిసినవాళ్ళు చాలామందే ఉన్నారు గానీ, నిబంధనల గురించి పూర్తిగా తెలిసింది మాత్రం ఒక్క మనిషికే. ఆవిడ డాక్టరూ కాదు, లెక్చరరూ కాదు. అకడమిక్ సెక్షన్‌లో గుమస్తా. కిటికీ పక్కన బల్ల, బల్ల మీద రబ్బరు స్టాంపుల పెట్టె, వెనకాల ఇనుప బీరువా. ఇరవై ఆరేళ్ళుగా ఆమె ఏలుతున్న రాజ్యం అంతే. విద్యార్థులు ఆమెకు రూలమ్మ అని పేరు పెట్టారు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, కానీ తెలియనట్టే ఉండేది.

ఆ డిగ్రీ నిబంధనలు మొత్తం అరవై నాలుగు. కాలేజీ పెట్టిన కొత్తలో మొదటి ప్రిన్సిపాల్, ఒక పెద్ద డాక్టరమ్మ, గదిలో అటూ ఇటూ నడుస్తూ చెబుతుంటే వాటిని టైపు కొట్టింది ఈమే. హాజరు ఎంత శాతం ఉండాలి, ఒక పేపరు ఎన్నిసార్లు తప్పితే మళ్ళీ రాయొచ్చు, ఆస్పత్రి ల్యాబ్‌లో ఎన్ని గంటలు పని చేస్తే ఆఖరి పరీక్షకు కూర్చోనిస్తారు, అన్నీ ఆమెకు కంఠతా వచ్చు. నిద్రలో లేపి అడిగినా అంకెతో సహా చెబుతుంది. ఇంట్లో కూర మాడితే వాళ్ళాయన, "ఇది ఏ నిబంధన కిందికొస్తుందో చూసి చెప్పు, అప్పీలు చేసుకుంటాను," అని ఏడిపించేవాడు. "ఇంట్లో అప్పీలు లేదు," అనేది ఆమె.

అయితే ఒక్క నిజం ఒప్పుకోవాలి. ఆ అరవై నాలుగింటిలో సగం వాక్యాలకు అర్థమేమిటో ఆమెకు తెలియదు. ఆవరణకు అటు చివర ఆస్పత్రి, అందులో కింది అంతస్తులో ల్యాబ్. రోజూ దాని ముందు నుంచే బస్సుకు నడిచి వెళ్ళినా లోపల అడుగు పెట్టింది లేదు. మంత్రం వచ్చినా మంత్రార్థం రానివాళ్ళు లోకంలో చాలామందే ఉంటారు కాబట్టి, ఆమెకు అదో లోటుగా ఎప్పుడూ అనిపించలేదు.

ఆఖరి సంవత్సరం విద్యార్థులు లాగ్‌బుక్‌లు ఇవ్వడానికి గడువు ఆ శనివారం సాయంత్రం నాలుగు గంటలు. ల్యాబ్‌లో ఏ రోజు ఎన్ని గంటలు పని చేశారో అందులో రాసి, సీనియర్ టెక్నీషియన్ చేత సంతకం పెట్టించుకుని తేవాలి. మొత్తం పన్నెండు వందల గంటలు. ఒక్క గంట తగ్గినా పరీక్ష లేదు.

శుక్రవారం పొద్దున తాతయ్య లాగ్‌బుక్ తెచ్చాడు. తాతయ్య అంటే ముసలివాడు కాదు, ముప్పై రెండేళ్ళవాడు. ఇరవై ఒక్కేళ్ళ పిల్లల మధ్య కూర్చుంటే ఇంకేం పేరు పెడతారు మరి. అతను మొదట అదే ఆస్పత్రి ల్యాబ్‌లో సీసాలు కడిగే పనిలో ఉండేవాడు. సూక్ష్మదర్శిని కింద ఏం కనిపిస్తుందో చూడాలన్న పిచ్చితో డిగ్రీలో చేరాడు. తల్లికి పక్షవాతం వస్తే రెండేళ్ళు చదువు ఆగింది. బయోకెమిస్ట్రీ రెండుసార్లు తప్పాడు. నాలుగేళ్ళ చదువు అలా ఎనిమిదో ఏడుకొచ్చింది. ఈలోగా కూతురు పుట్టి, పెరిగి, బడికి పోతూ, "నాన్నా, నువ్వు ఏ క్లాసు?" అని అడగడం మొదలుపెట్టింది.

ఎనిమిదో ఏడు అంటే మాటలు కాదు. తొమ్మిదో నిబంధన ప్రకారం ఆ డిగ్రీ ఎనిమిదేళ్ళలో ముగించాలి. లేదంటే పేరు కొట్టేస్తారు. పాసైన పేపర్లు కూడా గంగలో కలిసినట్టే. ఈ పరీక్షకు కూర్చోలేకపోతే తాతయ్య మళ్ళీ సీసాల దగ్గరికే.

ఆమె పుస్తకం తిరగేస్తూ గంటలు కూడుకుంటూ వచ్చింది. చివరి పేజీ దగ్గర వేలు ఆగిపోయింది. బుధవారం నాటి ఆరు గంటల మీద అడ్డంగా ఎర్ర సిరాతో గీత. కింద తాతయ్య గుండ్రటి రాత: "ఈ పూట ఇద్దరి ట్యూబుల మీద చీటీలు తారుమారు చేశాను. రిపోర్టులు బయటికి పోకముందే గుర్తించి చెప్పాను. నలభై ఒకటో నిబంధన ప్రకారం ఈ ఆరు గంటలు లెక్కలోకి రావు." పక్కనే సీనియర్ టెక్నీషియన్ సంతకం నిక్షేపంగా ఉంది. మధ్యాహ్నానికి ఎవరు ఎక్కడుంటారో తెలియదని, పొద్దున రాగానే అందరి పుస్తకాల్లోనూ వరసగా సంతకాలు పెట్టేయడం ఆయనకు అలవాటు. అంటే ఈ గీత కొట్టకుంటే ఆ గంటలు చెల్లిపోయేవే. మొత్తం పదకొండు వందల తొంభై నాలుగు.

పక్క బల్ల సూపరింటెండెంటు తొంగి చూసి పెదవి విరిచాడు. "వెర్రివాడిలా ఉన్నాడే. కొత్త లాగ్‌బుక్ ఒకటిచ్చి మళ్ళీ ఎక్కించుకురమ్మనండి. ఎవరు చూడొచ్చారు?"

నిజం చెప్పొద్దూ, ఆమెకూ అదే తోచింది. వరండాలో నిలబడ్డ తాతయ్యను పిలిచి గొంతు తగ్గించి అంది. "నాయనా, నీకిది ఆఖరి ఏడాది. గుర్తుందా?"

"గుర్తుంది మేడం."

"మరి ఇంకో పుస్తకం ఇస్తాను. ఇంటికెళ్ళి తిరగరాసుకురా. ఈ గీత సంగతి నేను చూడలేదనుకుంటాను." ఇరవై ఆరేళ్ళలో ఆమె నోట అలాంటి మాట రావడం అదే మొదలు. తానే అన్నానా అని ఆమెకే అనుమానం వచ్చింది.

తాతయ్య తల అడ్డంగా ఊపాడు. "ఇంట్లో మా ఆవిడ కూడా ఇదే అంది మేడం. రాద్దామని కూర్చున్నాను కూడా. చెయ్యి రాలేదు."

"అసలేం జరిగింది?"

"రద్దీగా ఉంటే మేం ముందే ఖాళీ ట్యూబుల మీద చీటీలు అంటించేసి వరసలో పెట్టుకుంటాం. చెయ్యకూడదు, కానీ అందరం చేస్తాం, పని తెముల్తుందని. బుధవారం కుర్చీ దగ్గరికొచ్చినాయన, వెనకాల పెద్దాయన నిలబడలేకపోతున్నాడని తన వంతు ఆయనకిచ్చాడు. మర్యాదకే పాపం. నేను అడక్కుండా ఇద్దరికీ రక్తం తీసేశాను. అరగంట పోయాక ఫారం మీద వయసు చూస్తే గుండె జారిపోయింది. పరుగెత్తుకెళ్ళి ఇద్దర్నీ వెనక్కి పిలిచి మళ్ళీ తీశాం." అతను ఆగి అన్నాడు. "పెద్దాయనకి షుగరు మూడొందల పైన ఉంది మేడం. ఇంకో ఆయనకి అసలు లేదు. రిపోర్టు అలాగే పోయుంటే, లేనాయనకి ఇన్సులిన్ పొడిచేవాళ్ళు."

 ఇన్నాళ్ళూ నలభై ఒకటో నిబంధన తనకు ఒక అంకె, రెండు వాక్యాలు. ఇప్పుడు దాని వెనక ఒక మనిషి ప్రాణం కనిపించింది.

"గంటలు చాలవని తెలిసి కూడా పుస్తకం ఎందుకు తెచ్చావు?"

"గడువులోగా ఇవ్వాలన్నారు కదా మేడం."

అతన్ని వరండాలో కూర్చోమని, ఆమె బీరువా తెరిచి నిలబడింది. ఎన్ని వందల లాగ్‌బుక్‌లు తన చేతుల మీదుగా పోయాయో లెక్క లేదు. ఒక్కదానిలోనూ ఎర్ర గీత చూసిన గుర్తు లేదు. ఇంతమందిలో ఒక్కరూ తప్పు చేయలేదా? చేసి ఉంటారు.  వరండాలో చేతులు కట్టుకు కూర్చున్న మనిషిని చూస్తే, గుళ్ళో ఉన్నప్పటిలాంటి భయమూ భక్తీ కలిగాయి. తిరగరాయమన్నందుకు సిగ్గు కూడా వేసింది.

అప్పుడు నలభై ఒకటి తనంతట తనే ఆమె నోటికొచ్చింది. విద్యార్థులకు పంచే చిన్న పుస్తకంలో మొదటి వాక్యమే వేస్తారు. ఆమె టైపు కొట్టింది రెండు వాక్యాలు. ఎన్నడూ పనిపడని ఆ రెండోది అంతదాకా ఆమెకు తట్టనే లేదు. "తప్పును విద్యార్థి స్వయంగా నమోదు చేసిన పక్షంలో, కొట్టివేసిన గంటలను గడువులోగా మళ్ళీ చేసుకునేందుకు ప్రిన్సిపాల్ అనుమతించవచ్చు." ల్యాబ్‌లో రక్తం తీసుకునే వేళ పొద్దున ఏడు నుంచి మధ్యాహ్నం ఒంటిగంట వరకు. సరిగ్గా ఆరు గంటలు. గడువుకు మిగిలింది ఒక్క శనివారం.

కాగితం టైపు చేసి ప్రిన్సిపాల్ ముందు పెట్టింది. ఆయన రెండుసార్లు చదివాడు. "ఈ క్లాజు ఇదివరకు ఎప్పుడు వాడాం?"

"ఎప్పుడూ వాడలేదు సార్. తప్పు చేశామని ఎవరూ రాయలేదు."

ఆయన పెన్ను తీసి సంతకం పెట్టాడు. "రేపు ఇంకో పొరపాటు జరిగితే మాత్రం నేనేం చెయ్యలేను. మన సెక్షన్ నుంచి ఎవరైనా ఆరు గంటలూ అక్కడుండి సాక్షి సంతకం చెయ్యాలి." ఎవరుంటారో వేరే అడగాలా?

శనివారం ఏడింటికల్లా ఆమె ల్యాబ్ గోడవారగా ఉన్న బల్ల మీద కూర్చుంది. అప్పటికే గుమ్మం బయట దాకా జనం. నాలుగు కుర్చీలు, నలుగురు రక్తం తీసేవాళ్ళు. మూడు కుర్చీల దగ్గర చీటీలు అంటించిన ట్యూబులు వరసగా సిద్ధంగా ఉన్నాయి. తాతయ్య బల్ల మీద ఉన్నవి ఉత్త ట్యూబులు.

కుర్చీలో కూర్చున్న ప్రతి మనిషినీ అతను అడిగాడు. మీ పేరు? పుట్టిన తేదీ? ఫారం చూశాడు. సూది గుచ్చి రక్తం తీశాడు. వాళ్ళు కుర్చీలోంచి లేవకముందే చీటీ అంటించి చూపించాడు. "మీ పేరేనా, చూసుకోండి." చదవడం రానివాళ్ళకు తానే చదివి వినిపించాడు. పుట్టిన తేదీ తెలియని ముసలమ్మ దగ్గర పెళ్ళినాటి వయసు, పెద్దకొడుకు వయసు అడిగి ఫారంతో సరిచూసుకున్నాడు. పక్క కుర్చీల్లో ముగ్గురు లేచేసరికి ఇక్కడ ఒకరు లేచేవారు.

తొమ్మిదింటికి వరస గొణగడం మొదలుపెట్టింది. "పెళ్ళిచూపులా ఏంటి, ఇన్ని వివరాలు?" అన్నాడొకడు. అందరూ నవ్వారు. సీనియర్ టెక్నీషియన్ విసుక్కుంటూ వచ్చాడు. "ఇలాగైతే సాయంత్రం దాకా పడుతుందయ్యా. ముందే చీటీలు అంటించేసుకో."

 తాతయ్య తలెత్తకుండానే, "నావల్ల కాదు సార్. తిట్టండి, పడతాను," అన్నాడు. ఆయన ఏదో అనబోయి, గోడవారగా ఉన్న ఆమెను చూసి వెళ్ళిపోయాడు.

"రోగి ఎదుటనే", "రోగి నోటి వెంట", "ప్రతి పర్యాయము". నిబంధనలు టైపు కొట్టిన రోజుల్లో ఇవన్నీ రిబ్బను దండగ మాటలనిపించేవి. డాక్టరమ్మ వాటిలో ఒక్కటి కూడా వదలనిచ్చేది కాదు. ఇప్పుడవి అతని చేతుల్లో ఒక్కొక్కటే నడుస్తుంటే ఆమె నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది. ఎనభై ఏడు మంది. ఎనభై ఏడు సార్లూ మొదటి మనిషిని అడిగినట్టే అడిగాడు. చొక్కా తడిసింది, కానీ ఒక్క ప్రశ్న కూడా మింగలేదు. కాశీకి పోయినా ఇంతటిది చూసేదాన్ని కాదు అనుకుంది.

ఒంటిగంటకు పది నిమిషాలుందనగా వరస ఖాళీ అయింది. ఆమె సంచిలో డాక్టరు రాసిచ్చిన రక్తపరీక్ష కాగితం ఒకటి ఆరు నెలలుగా నలుగుతోంది. రేపు, ఎల్లుండి అంటూ వాయిదా వేస్తోంది. లేచి వెళ్ళి తాతయ్య ముందు కుర్చీలో కూర్చుని చెయ్యి చాపింది.

ఎనిమిదేళ్ళుగా ఆమె కిటికీ ముందు నిలబడ్డవాడు. కళ్ళు మూసుకున్నా గొంతు గుర్తుపట్టగలడు. "మీ పూర్తి పేరు చెప్పండి," అన్నాడు.

"నీకు తెలీదా నాయనా?"

"తెలుసు మేడం. అయినా మీరే చెప్పాలి."

చెప్పింది. పుట్టిన తేదీ కూడా చెప్పింది. సూది నొప్పి తెలియలేదు గానీ, ఎందుకో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చీటీ అంటించి చూపిస్తే అక్షరం అక్షరం చదువుకుంది.

ఒంటిగంటకు సీనియర్ టెక్నీషియన్ సంతకం పెట్టాడు, ఈసారి పని అయ్యాకే. కింద ఆమె సాక్షి సంతకం చేసింది. మోచేతి మడతలో దూది అలాగే ఉంచుకుని ఆవరణ దాటి సెక్షన్‌కు వచ్చింది. రిజిస్టరు తెరిచి, తాతయ్య నంబరు ఎదురుగా పన్నెండు వందలు అని వేసి, పక్క గడిలో "అర్హుడు" అని రాసింది. ఇరవై ఆరేళ్ళుగా ఎందరి పేర్ల పక్కనో ఆ మాట రాస్తూనే ఉంది. ఏం రాస్తున్నదో తెలిసి రాయడం మాత్రం అదే మొదలు.