మైకులో నా గుట్టు

మాది జడ్చర్ల. మా ఆయన తాగొచ్చి కొడుతున్న సంగతి చర్చిలో నాకు చెల్లెలు లాంటి మరియమ్మ ఒక్కదానికే చెప్పుకున్నాను. ఆ ఆదివారమే, ప్రార్థన అంశాలు అడిగినప్పుడు ఆమె మైకు అందుకుంది.

“మా సునీతక్క కోసం ప్రార్థన చేయుండ్రి. ఆమె మొగడు తాగొచ్చి కొడ్తుండు.”

సంఘమంతా ఆమేన్ అన్నది. నేను లేచి వచ్చేశాను. దేవుడి మీద కూడా అలిగి మూడేళ్లు బైబిలు ముట్టలేదు.

ఆ కోపం మోయలేక ఒక ఆదివారం మళ్లీ చర్చికి వెళ్లి వెనక వరసలో మోకరించాను. తలమీద కొంగు కప్పుకోవడం మరిచిపోయాను. ఎవరో కప్పారు. చూస్తే మరియమ్మ. ఆ చెయ్యి తోసేయబోయి ఆగాను.

“ప్రభువా, దీన్ని క్షమించుడు నాతోని కాదు. నువ్వే జర నా మనసు వంచు” అని లోలోపలే ఏడ్చాను.

ఇప్పుడు ప్రతి ఆదివారం వెళ్తున్నాను. ఆ రోజు ఏం ప్రార్థించానో మాత్రం మరియమ్మకు చెప్పలేదు.