దుర్యోధనుడి ముఖం

నాకు కోపం ఎక్కువని మదనపల్లెలో నాతో పనిచేసిన వాళ్లెవరైనా చెబుతారు. నిజమే. కళ్లు కనబడని పిల్లలకు బొమ్మలెందుకని ఎవరైనా అంటే చాలు, నా నోటికి తాళం పడేది కాదు. తొంభైల్లో డ్రాయింగ్ పరీక్ష పాసై, బడిలో ఉద్యోగం దొరక్క, చూపు లేని పిల్లలకూ వినపడని పిల్లలకూ మట్టిపని నేర్పడంలో పడ్డాను. వారంలో మూడు రోజులు మదనపల్లె, మూడు రోజులు పుంగనూరు. మట్టిమూటతో బస్సెక్కితే కండక్టరు సణిగేవాడు. నేనూ ఊరుకునేదాన్ని కాదు.

పుంగనూరు హాస్టల్లో ఒక పిల్ల ఉండేది. పదమూడేళ్లుంటాయి. పుట్టుకతోనే చూపు లేదు. చౌడేపల్లె దగ్గరి పల్లె, నాలుగు ఆవులున్న రైతు కుటుంబం. ఆ పిల్ల ముఖాలు చేసేది. ముందు మన ముఖమంతా తడిమేది, తర్వాత మట్టి ముద్ద తీసుకునేది. హాస్టల్లో వంటమ్మ ముఖం చేసినప్పుడు ఆమె దాన్ని చూసి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఓయమ్మో, నా ముక్కు ఇంత లావుండాదా!" అని ఆమె అంటే పిల్లలంతా ఒకటే నవ్వు.

ఒక వేసవిలో, సెలవులకు కొన్నాళ్ల ముందు, ఆ పిల్ల నాయన వచ్చాడు. "ఇంక చాలమ్మా. బొమ్మలు చేసుకుంటా కూసుంటే ఏమొస్తాది? ఇంటికాడుంటే వాళ్లమ్మకు తోడుంటాది. సెలవులైనాక ఇంక పంపను," అన్నాడు. చెడ్డవాడు కాదు. విసిగిపోయిన మనిషి. ఆయన వెళ్లాక పిల్ల నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. "నేను ఈడనే ఉంటా అక్కా. నువ్వు మా నాయనకు చెప్పు," అంది. ఆయనకు మాటలు చెప్పి లాభం లేదని, ఏదైనా కళ్లారా చూపించాలని నేను పట్టుపట్టాను.

మా వైపు ఊళ్లలో వేసవిలో భారతం జరుగుతుంది. రోజుల తరబడి హరికథ, నాటకం నడిచి, చివరి రోజు దుర్యోధన వధ. అందుకోసం మైదానంలో బండ్లకొద్దీ మట్టి తోలి, వెల్లకిలా పడుకున్న దుర్యోధనుణ్ణి చేస్తారు. చివరి రోజు మధ్యాహ్నం భీముడి వేషగాడు గదతో ఆ బొమ్మ తొడ పగలగొడతాడు. వెంటనే జనం మీదపడి, తలా ఇంత మట్టి ఇంటికి తీసుకుపోతారు. గాదెలో వేసుకుంటే మంచిదని నమ్మకం. ఇది మా వైపు చంటిపిల్లలకు కూడా తెలిసిన సంగతి.

ఆ ఏడాది హాస్టలు పక్క ఊళ్లోనే భారతం. దుర్యోధనుడి ముఖం మా పిల్లను చెయ్యనివ్వమని ఊరి పెద్దను అడిగాను. "ఇది దేవుడి కార్యమమ్మా, ఆటలు గాదు," అన్నాడు. "ఆటలని ఎవరన్నారు పెద్దాయనా? ఆ పిల్లకు దేవుడు లేడా?" అని నేనూ గట్టిగానే అందుకున్నాను. అటూ ఇటూ లాగి, చివరికి ముఖం వరకు ఒప్పుకున్నారు.

మూడు రోజులు చేసింది. బండి చక్రమంత ముఖం. అడ్డంగా వేసిన చెక్కపలక మీద బోర్లా పడుకుని, మోచేతుల దాకా మట్టిలో ముంచి చేసింది. "కోపమొచ్చిన కన్ను ఎట్లుంటాదక్కా?" అని అడిగితే, నా కన్ను తాకి చూడమన్నాను. "నీకెప్పుడూ కోపమే గదా, అందుకే అడిగినా," అని నవ్వింది. ఆ కనుబొమలు, ఆ బిగిసిన పెదవులు చూసి ఊరి పెద్ద కూడా "అబ్బా, బలే చేసిందే!" అని నిలబడిపోయాడు. చివరి రోజు పొద్దున పది గంటల బస్సుకు రమ్మని వాళ్ల అమ్మానాయనలకు కబురు పంపాను. "అమ్మ చెయ్యి పట్టుకుని నేనే తాకిస్తా," అంది పిల్ల.

పది గంటల బస్సులో వాళ్లు రాలేదు. పన్నెండు గంటల బస్సులోనూ రాలేదు. ఇంట్లో ఆవు ఈనిందని తర్వాత తెలిసింది. కాసేపు ఆపమని ఊరి పెద్దను బతిమాలాను. ముహూర్తం ఆగదన్నాడు. డప్పులు మొదలయ్యాయి.

పిల్ల నా చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. జనం కేకలు విని, "అందరూ నా బొమ్మనే సూస్తాండారా అక్కా?" అంది. అవునన్నాను. గద దెబ్బ పడింది. జనం ఉరికారు. ఒకామె ఒడినిండా మట్టి నింపుకుని పోతూ, మా పిల్లను చూసి జాలిపడి ఒక పెళ్ల చేతిలో పెట్టింది. "తీస్కో తల్లీ, మంచి జరుగుతాది."

"ఇది యాడిది?" అంది పిల్ల.

"దుర్యోధనుడి ముఖానిది గదమ్మా," అని ఆమె వెళ్లిపోయింది.

పిల్ల నా చెయ్యి వదిలేసింది. ముందుకు నడిచి, తల ఉన్న చోట మోకాళ్ల మీద కూర్చుని వెతికింది. ముక్కు లేదు, చెంప లేదు. అంతా తొక్కిన మన్ను.

"పగలగొడతారని నీకు తెల్సా అక్కా?"

"తెలుసు."

"మరి నాకు యాల చెప్పలా?"

"అందరికీ తెలిసిందే కదా అనుకున్నా."

"జనంలో పడిపోతానని మావోళ్లు నన్నెప్పుడూ భారతానికి పిల్చుకపోలా. నాకెట్ల తెలుస్తాది?"

సిగ్గుతో చచ్చిపోయాను. ఈ పిల్లల్ని అన్నిటికీ దూరం పెడతారని ఊరూరా అరిచిన మనిషిని నేను. ఒక్క మాట చెప్పాలని నాకే తోచలేదు.

సాయంత్రానికి అమ్మానాయన వచ్చారు. నేను ఆ మట్టికుప్ప చూపిస్తూ ఏదేదో మాట్లాడాను. ఊరి పెద్ద కూడా బాగా చేసిందనే చెప్పాడు. నాయన మర్యాదగా తల ఊపాడు. పిల్లే, "ఇంటికి పోదాం నాయనా," అంది. నేను అప్పుడైనా అడ్డుపడాల్సింది. పడలేదు. సెలవులయ్యాక ఆ పిల్ల హాస్టలుకు రాలేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకు నాకు కుప్పంలో పని దొరికింది. ఇలాంటి పిల్లలకు పాఠాలు చెప్పే టీచర్లకు మట్టిపని నేర్పాలి. వెళ్లే ముందు ఆ పిల్ల ఊరు వెతుక్కుంటూ పోయాను. అరుగు మీద కూర్చుని చెనక్కాయలు ఒలుస్తోంది. పెద్దదైపోయింది. నా గొంతు గుర్తుపట్టి, "బాగుండావా అక్కా?" అంది. తల్లి మజ్జిగ తెచ్చి ఇచ్చింది. సంచిలోంచి మంచి జిగట మట్టి తీసి పిల్ల ముందు పెట్టాను. వేళ్లతో నొక్కింది. చాలాసేపు నొక్కింది. నా ప్రాణం లేచొచ్చింది.

"ఇది ఎన్నాళ్లుంటాది?" అని అడిగింది.

"కాలిస్తే చానా ఏళ్లుంటుంది. ముందు నీడన ఆరాలి, తర్వాత బట్టీ పెట్టాలి. నెల పడుతుంది."

"ఆ నెలా నువ్వీడ ఉంటావా?"

ఈసారి ఏదీ చెప్పకుండా ఉండదలుచుకోలేదు. రేపు పొద్దున కుప్పం పోతున్నానని చెప్పాను.

ఆమె ఆ మట్టిని జాగ్రత్తగా, ఒక్క ముక్క కూడా కింద పడకుండా మళ్లీ నా సంచిలోనే పెట్టేసింది. చేతులు తుడుచుకుని చెనక్కాయల గంప దగ్గరికి లాక్కుంది.