ప్రేమదాసు పాటని వేలంలో కొన్నాం

ప్రేమదాసు నాకు మరిది. నేను కాపురానికి వచ్చేసరికి నిక్కర్లేసుకుని తిరిగేవాడు కాబట్టి వాడు అనే అంటా.

వాడికి పాట కట్టడానికి ఫలానాదే కావాలని లేదు. మిరపకాయలు కోసి చేతులు మండితే పాట. జగ్గయ్యపేట బస్సు చిల్లకల్లులో ఆపకుండా పోతే పాట. నేను తిడితే ఆ తిట్ల మీద పాట. క్రిస్మస్‌కి మా చర్చిలో కొత్త పాటలన్నీ వాడివే. వేదాద్రి తిరునాళ్ళకి సాంబయ్య భజన బృందం అడిగితే నరసింహస్వామి మీద కూడా కట్టిచ్చాడు. మా చర్చి సంఘంలో కొందరు మూతులు తిప్పారు.

"సాంబయ్య రోజూ నాతో కాయ కోసే మనిషి. అడిగితే కాదని ఎట్టా అంటా వదినా?" అన్నాడు.

ఏది కట్టినా మొదట వినేది వాడి పెళ్ళాం కృపావతి. పొయ్యి దగ్గర కూర్చుని, "ఇక్కడ సాగదీసావు, జనానికి ఊపిరి అందదు, తీసెయ్" అనేది. తీసేసేవాడు.

రెండువేల ఒకటి వానాకాలంలో కృపావతి కామెర్లతో పోయింది. ప్రేమదాసు పాట మానేశాడు. చర్చికీ రాలేదు. తిండి కూడా సరిగా తినేవాడు కాదు.

"దేవుడి మీద కోపమా?" అని అడిగా.

"కోపం కాదు వదినా. గొంతులోకి ఏదీ రావట్లా."

ఆ క్రిస్మస్‌కి పాత పాటలే పాడుకున్నాం. వాడు ఇట్టాగే ఎండిపోతాడేమోనని నాకు భయం పట్టుకుంది.

ఫిబ్రవరిలో కోతల పండగ వచ్చింది. ఆ రోజు ఎవరి పంటలో మొదటిది వాళ్ళు తెచ్చి దేవుడి ముందు పెడతాం. గుమ్మడికాయలు, మిరపకాయల గంపలు, కోళ్ళు. ఆరాధన అయ్యాక అక్కడే వేలం వేస్తారు. కసిరి కసిరి ప్రేమదాసుని తీసుకెళ్ళా. వాడి పత్తంతా పురుగు తినేసింది. ఉత్త చేతులతో వచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

వేలం వేసే బెన్నికి నోరు ఊరుకోదు. "ప్రేమదాసు బాబాయ్ పంట పాటలే కదా! ఒక పాట వేలానికి పెడుతున్నా. కొన్నోళ్ళు దేని మీద అడిగితే దాని మీద కట్టాలి!" అని అరిచాడు.

జనం నవ్వారు. ఒకాయన గుమ్మడికాయ ఇస్తానన్నాడు. ఇంకొకాయన రెండన్నాడు. ప్రేమదాసు వెనక్కి తిరిగి వెళ్ళిపోబోయాడు.

"గుడ్లు పెట్టే నా పెట్ట!" అన్నా.

"నిజంగానా పెద్దమ్మా?"

"మరి మీ అమ్మ పెట్టని ఇస్తానన్నానా? ఖాయం చెయ్యి!"

చేశాడు. ప్రేమదాసు నా వంక చూశాడు. "దేని మీద కట్టమంటావు వదినా?"

"కృపావతి మీద."

వాడు గుమ్మం దగ్గర్నుంచి లోపలికొచ్చాడు.

"చర్చిలో మనిషి మీద పాటేంది వదినా? దేవుడి మీద కదా పాడేది."

"దాన్ని నీకిచ్చింది ఎవరు, సర్పంచా? పోయిందని ఏడ్చావు, బాగానే ఉంది. ఉన్నన్నాళ్ళకీ ఆయనకి ఒక్కసారన్నా థాంక్స్ చెప్పావా?"

వాడు కిటికీ ఊచ పట్టుకున్నాడు. అప్పుడు మెల్లగా పాట ఎత్తుకున్నాడు.

"చద్దన్నంలోకి ఉల్లిపాయ కోసి పెట్టిన చేతిని
ఇచ్చావు తండ్రీ, నీకు వందనం..."

రెండో చరణంలో కృపావతి తిట్లు కూడా పెట్టాడు. ఆడవాళ్ళం ఏడుస్తూనే నవ్వాం. చివరికొచ్చేసరికి వందనం అన్నచోట చర్చంతా వాడితో గొంతు కలిపింది. వాడి గొంతు బొంగురుపోయింది కానీ ఆపలేదు.

మర్నాడు నేను కాయ కోస్తుంటే గట్టు మీదకొచ్చాడు.

"వదినా, ఇంకో చరణం వచ్చింది. వింటావా?"

దేవుడా, నీకు స్తోత్రం అనుకున్నా లోపల. పైకి మాత్రం, "వింటాలే గానీ, చేతులు ఊపుకుంటా పాడతావా? గంప తీసుకో" అన్నా.

నా పక్క సాలులోకి దిగాడు. పాడుతూ కోశాడు.