మనవడికి నీళ్లు పోసిన బండ

కారంపూడి అవతల మా మిరపచేను పక్కన మెట్ట మీద రాళ్లు గుండ్రంగా పాతి ఉంటాయి. మేం వాటిని రాక్షస గుళ్లు అంటాం. అవి వేల ఏళ్లనాటి సమాధులని, పురావస్తు శాఖవాళ్లు తవ్వడానికి వచ్చినప్పుడే తెలిసింది. నేనూ ఆ కూలికి వెళ్లాను. నాకు పాములంటే భయం లేదు, మా అత్తంటే కూడా లేదు. ఎప్పుడో పోయినవాళ్ల ఎముకలు నన్నేం చేస్తాయిలే అనుకున్నాను. మనిషికి అంత పొగరు పనికిరాదు.

అప్పటికి మా అమ్మాయి పురిటికొచ్చి మా ఇంట్లోనే ఉంది. మనవడికి నెల నిండింది. పెరట్లో బండ మీద కాళ్లు చాపుకుని, వాణ్ని కాళ్ల మీద బోర్లా పడుకోబెట్టి, రోజూ నేనే నీళ్లు పోసేదాన్ని. ఇల్లు కట్టుకునేటప్పుడు మా ఆయన ట్రాక్టరు మీద తెచ్చి వేసిన బండ అది. ఒక మూల విరిగి ఉంటుంది, నీళ్లు అటుగా పోతాయి. ఎక్కణ్నుంచి తెచ్చావని నేనెప్పుడూ అడగలేదు. పలనాట్లో రాయి ఎక్కడిదని ఎవరడుగుతారు?

మేం తవ్విన మూడు గుళ్లకు మూతబండలున్నాయి. నాలుగోది చిన్నది, దానికి మూత లేదు. పైమట్టి తీశాక, తవ్వకం చూసుకునే మేడం మమ్మల్ని పక్కకు జరగమని తనే బ్రష్షుతో దులిపింది. బత్తాయంత పుర్రె బయటపడింది. పక్కన చిన్న నల్ల గిన్నె.

"పసిబిడ్డ. మూత ఎవరో పట్టుకుపోయారు. ఈ మూల మాత్రం విరిగి ఇక్కడే పడింది" అంటూ మేడం ఒక రాతిముక్క నా చేతిలో పెట్టింది.

బూడిదరంగు రాయి, నడుమ తెల్లటి చార. ఆ చార మిగతా సగం మా పెరట్లో ఉంది. రోజూ దాని మీదే సున్నిపిండి గిన్నె పెడతాను. తేలు కుట్టిన దొంగలా ముక్కను మేడంకే ఇచ్చేసి మట్టితట్ట ఎత్తుకున్నాను.

ఇంటికొచ్చేసరికి పిల్లవాడి ఒళ్లు కాలిపోతోంది. అమ్మాయి ఏడుస్తోంది. ఆ మట్టిచేతులతో వాణ్ని ఎత్తుకోవడానికి కూడా నాకు భయమేసింది. మా ఆయన్ని పెరట్లోకి లాక్కెళ్లాను.

"ఈ బండ మెట్ట మీంచి తెచ్చావా?"

"తెచ్చా. ఊళ్లో చానామంది తెచ్చుకున్నారు. ఇప్పుడేందే?"

"పసిబిడ్డ గోరీ మూతయ్యా ఇది! దీని మీద కూకోని మనోడికి నీళ్లు పోస్తిని!"

ఆయన ఆటో కోసం పరిగెత్తాడు.

పిడుగురాళ్ల ఆసుపత్రిలో జలుబు ఊపిరితిత్తుల్లోకి దిగిందన్నారు. మూడు రోజులు ఉంచుకున్నారు. ఆ మూడు రోజులూ వరండాలో కూర్చుని ఆ బిడ్డనే బతిమాలాను. ఆడో మగో కూడా తెలియదు. నీ మూత నీకు తెచ్చిస్తాను, మావాణ్ని వదిలెయ్యమ్మా అని మొక్కాను.

వాడు కోలుకున్నాడు. ఇంటికి తెచ్చిన రోజే బండను పెకలించి మెట్టకు తీసుకెళ్లాం. మేడం తిడుతుందనుకున్నాను. ఆమె సంబరంగా టేపుతో కొలిచి, విరిగిన మూల తెచ్చి ఆనించింది. అతికినట్టు సరిపోయింది. "మంచి పని చేశావమ్మా" అంది. నేను గుంటలోకి తొంగిచూశాను.

"బిడ్డేది మేడం?"

"పరీక్షలకు పంపించామమ్మా. నిన్ననే పెట్టెలో సర్ది పంపాం."

తీరా మూత తెస్తే కప్పడానికి బిడ్డ లేదు.

ఇప్పుడు మావాడు బడికి పోతున్నాడు, సెలవులకు మా ఇంటికొస్తే వాడి అల్లరికి ఇల్లు చాలదు. అయినా వాడి ఒళ్లు కాస్త వెచ్చబడితే చాలు, నాకు ఆ భయం తిరిగొస్తుంది. అమ్మాయి మందుసీసా వెతికేలోపు నేను పెరట్లోకి పోయి మేడంకు ఫోన్ చేస్తాను.

"ఆ బిడ్డ తిరిగొచ్చిందా మేడం?"

"ఇంకా లేదమ్మా" అంటుంది.