కుర్చీ బరువు తీసేసిన మామ

మొన్న శుక్రవారం పొద్దున్న కాటా మామ పోయాడు. అనకాపల్లి బెల్లం మార్కెట్లో దిమ్మలు తూచే మనిషి, మా పక్కింటాయన. అమ్మ ఫోన్లో చెప్పగానే, రిపేరు చేస్తున్న సెల్‌ఫోన్ బల్ల మీద పడేసి కొట్టు మూసేశాను.

నాకు పుట్టుకతోనే కాళ్లు పనిచేయవు. పన్నెండేళ్లకే బాగా లావెక్కాను. ఎక్కనా మరి? నా చక్రాల కుర్చీ కనబడితే చాలు, "పాపం" అంటూ ప్రతివాడూ చేతిలో బెల్లంముక్క పెట్టేవాడు. ఆటకి మాత్రం ఒక్కడూ పిలవలేదు. ఒక డాక్టరైతే కాగితంలోంచి తలెత్తకుండానే "రోజూ నడిపించండి" అన్నాడు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నిలబడలేని పిల్లాణ్ణి తూచే కాటా కూడా అక్కడ లేదు.

నన్ను ఎత్తీ ఎత్తీ అమ్మ నడుం పడిపోయింది. "ఆటో ఎక్కించలేన్నాయనా, బడి మానీ" అని ఏడ్చింది. ఆ మాట విన్న మామ నన్ను మార్కెట్‌కి తోసుకుపోయి, కుర్చీతో సహా బెల్లం కాటా ఎక్కించాడు. తర్వాత నన్ను గోనెల మీద కూర్చోబెట్టి, ఖాళీ కుర్చీని తూచాడు. పక్క స్తంభం మీద ఎర్ర పెయింటుతో రాశాడు: కుర్చీ 17.

"ఇనుం బరువు నీది కాదురా, తీసీ. మిగిల్నదే నీది. దానికి సిగ్గేటి?"

పక్కన ఎవడో కిసుక్కుమన్నాడు. "నువ్వూ ఎక్కరా బావా, నీ బొజ్జెంతో సూద్దాం" అన్నాడు మామ.

వాకబు చేసి ఒక ఫిజియో మేడం దగ్గరికీ ఆయనే తీసుకెళ్లాడు. ఇంట్లో అందరిదీ ఒకటే తిండి, కుర్చీ నేనే తోసుకోవడం, రోజూ బంతాట అని చెప్పిందావిడ. ఆ తర్వాత ఎవరైనా బెల్లం పెట్టబోతే మామ అడ్డుపడేవాడు. "ముక్కెందుకు? బంతియ్యి, ఆడతాడు." బెల్లం తూచి బతికే మనిషి!

వారం వారం కాటా ఎక్కించేవాడు. ఒక వారం మూడు కిలోలు తగ్గాను. నేను మురిసిపోతుంటే మామ మొహం మాడిపోయింది.

"అన్నం మానీసేవేట్రా?"

రాత్రిళ్లు మానేశానని ఒప్పుకున్నాను.

"ఎదిగే ఒంటిని మాడిత్తావా? నాకు అంకెందుకురా, నువ్వు సొంతంగా ఆటో ఎక్కాల!" నాలుగిడ్లీలు తినేదాకా కదలనివ్వలేదు.

రెండేళ్లు పట్టింది. బరువు పెద్దగా తగ్గలేదు. నేను ఎదిగాను, చేతులు గట్టిపడ్డాయి. ఒక పొద్దున్న కుర్చీకీ ఆటో సీటుకీ మధ్య చెక్క వేసుకుని, చేతుల మీద జరిగి కూర్చున్నాను. నన్ను పట్టుకోడానికి చాచిన అమ్మ చేతులు అలాగే ఉండిపోయాయి. "సూసేవా సెల్లెమ్మా, ఇంక సేతులు దించు" అన్నాడు మామ.

మీ వీధిలో ఇలాంటి పిల్లలుంటే, చేతిలో తీపి పెట్టే ముందు ఆటకి పిలవండి. ఇంతకన్నా మర్యాదగా చెప్పడం నాకు రాదు.

నిన్న మార్కెట్‌కి వెళ్లాను. ఆ పాత కుర్చీ తుప్పుపట్టి పోయి చాలా ఏళ్లయింది. స్తంభానికి ఎన్నిసార్లు రంగులు వేసినా, ఆ అంకె జోలికి ఎవరినీ పోనివ్వలేదట మామ. కొత్త నీలం రంగు మధ్య అరచేయంత పాత సిమెంటు, దాని మీద ఆయన ఎర్రగా రాసిన పదిహేడు, అందులో వంకర ఏడు.