కుర్చీలు వేయని మీటింగు

లాక్‌డౌన్లు ముగిసి, బస్సులు మళ్ళీ నిండుగా తిరగడం మొదలైన ఏడాది అది. అప్పటికి నేను తమిళనాడులో, కోవిల్‌పట్టిలో ఒక క్లబ్బుకు కేర్‌టేకర్‌గా ఉన్నాను. ఇప్పటికీ అదే పని. కేర్‌టేకర్ అంటే హాలు తెరవడం, ఊడ్చి తుడవడం, మీటింగు రోజు వండి వడ్డించడం, అందరూ వెళ్ళాక తాళం వేయడం. అంతకు ముందు అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పుల్లలు నింపేదాన్ని. దగ్గు పట్టుకుని వదలకపోవడంతో మానేశాను.

క్లబ్బు సంగతి ముందు చెప్పాలి. పుదూరు చుట్టుపక్కల ఊళ్ళలో పుట్టి, చదువుకుని, కోవిల్‌పట్టిలోనూ విరుదునగర్‌లోనూ స్థిరపడిన తెలుగు ఇళ్ళవాళ్ళు పెట్టుకున్న క్లబ్బు అది. వక్కీళ్ళు, డాక్టర్లు, ఆడిటర్లు, మిల్లు ఇంజినీర్లు. వీళ్ళందరినీ ఒకచోట చేర్చింది రెంగసామి గారు. ఒట్టపిడారంలో పశువుల డాక్టరుగా చాలాకాలం పనిచేసి రిటైరైన మనిషి. స్కూటర్ మీద ఇల్లిల్లూ తిరిగి, ఒక పాత పత్తి గోడౌను అద్దెకు తీసుకుని, సున్నం వేయించి, నెలకొక ఆదివారం సాయంత్రం కలుసుకుందామని ఒప్పించారు. క్లబ్బుకు ఆయనే ప్రెసిడెంటు.

ఉద్దేశం ఒకటే. మన ఊళ్ళవాళ్ళం కూర్చుని మన మాట మాట్లాడుకోవాలని. కానీ మా వైపు తెలుగు ఇంటి మాట. గడప దాటితే తమిళమే. తెలుగు చదవడం, రాయడం ఎవరికీ రాదు, డాక్టరుకైనా నాకైనా. అలాంటి వాళ్ళు ప్రారంభోత్సవానికి ఒక పొరపాటు చేశారు. తెలుగు క్లబ్బు కదా, మంచి తెలుగు వచ్చిన పెద్దమనిషి ఉండాలని, ఆంధ్ర నుంచి బదిలీ మీద వచ్చిన ఒక బ్యాంకు మేనేజరును ముఖ్య అతిథిగా పిలిచారు.

ఆయన చక్కగా మాట్లాడారు. తర్వాత వక్కీలు కృష్ణసామి గారు లేచి, తన చిన్ననాటి సంగతులు మా ఇళ్ళలో మాట్లాడే తెలుగులోనే చెప్పడం మొదలుపెట్టారు. మేనేజరు ముఖం వెలిగిపోయింది. "అబ్బ! ఈ తెలుగు మా ముత్తవ్వ నోట విన్నానండీ! ఆ మాట మళ్ళీ ఒక్కసారి అనండి సార్" అన్నారు. ప్రేమగానే అన్నారు, నేను గుమ్మంలో నిలబడి చూశాను. అందరూ నవ్వారు, కృష్ణసామి గారు కూడా నవ్వారు. మిగతా ప్రసంగం మాత్రం తమిళంలో ముగించి కూర్చున్నారు. ఆ తర్వాత ఆ హాల్లో ఎవరూ తెలుగులో నోరు తెరవలేదు. అంతా తమిళం, మధ్యమధ్య ఇంగ్లీషు, ఒకరినొకరు "సార్", "మేడమ్".

నా పనిలో సెటప్ అనేది ఒకటుంది. మీటింగుకు ముందు హాలును సిద్ధం చేయడం. నేను ఇనుప కుర్చీలు వరసగా వేసేదాన్ని. మీటింగు ఎలా జరిగిందో లోపలికి వెళ్ళి వినక్కర్లేదు, అయిపోయాక కుర్చీలు చూస్తే తెలుస్తుంది. మనుషులు మాట్లాడుకుంటే కుర్చీలు తిరుగుతాయి, దగ్గరవుతాయి, ఒకటి గోడ దగ్గరికి పోతుంది. మా హాల్లో కుర్చీలు నేను వేసినవి వేసినట్టే ఉండేవి.

తప్పు నా వంటలో ఉందేమో అనుకున్నాను. ఇడ్లీ మాని పొంగలి చేశాను, పొంగలి మాని విరుదునగర్ నుంచి పరోటాలు తెప్పించాను. తినేవాళ్ళు, బాగుందనేవాళ్ళు, వాచీ చూసుకుని వెళ్ళిపోయేవాళ్ళు. నెలనెలా మనుషులు తగ్గారు.

రెంగసామి గారు మాత్రం మీటింగు లేని రోజుల్లో కూడా వచ్చేవారు. తిన్నగా వెనక వైపు వంటింటికి వచ్చి, చెప్పులు బయట విడిచి, గుమ్మం పక్కన పీట మీద కూర్చునేవారు.

"గురువమ్మా, కాపీ ఉండాదా?"

"ఉండాది సామీ. సక్కర వెయ్యనా వద్దా?"

"ఇంట్లో కోడలు వెయ్యదు. ఇక్కడన్నా వెయ్యి."

వంటింట్లో మాత్రం ఆయనకు తెలుగు ఆగేది కాదు. వానలు, మినుము పంట, తాను చూసిన ఆవులు. ఒకరోజు అడిగేశాను, ఇన్ని మాటలున్నాయే, హాల్లో ఎందుకు మాట్లాడరని.

"ఆడ ఎవురూ పలకరు గదా," అన్నారు. గ్లాసు కింద పెట్టారు. "మా ఆడమనిషి పోయినాక ఇంట్లో నేను తెలుగులో మాట్లాడేది కుక్కతోనే. కోడలు మదురై పిల్ల, మంచిదే, దానికి రాదు. ఆ కుక్క కూడా ఇప్పుడు మనవరాలి తమిళానికే తోక ఊపుతాది."

నేను నవ్వాను. ఆయనా నవ్వారు.

"సంగం పెట్టింది ఏంటికనుకుంటివి? మాట కోసమే. దీన్ని మూసిరంటే నాకు నోరు ఉండీ లేనట్టే."

"ఇది వాళ్ళకి సెప్పకూడదా సామీ?"

"ఏమని సెప్పేది? పెండ్లాం పోయింది, నాతో మాట్లాడండప్పా అనా? సిగ్గు కాదా?"

మూసిరంటే అన్న మాట ఆయన ఊరికే అనలేదు. క్లబ్బు మూసే ఆలోచన అప్పటికే బయలుదేరింది. సెక్రటరీ జయంతి గారు విరుదునగర్‌లో ఆడిటరు. అక్కడ ఒక పెద్ద క్లబ్బు ఉంది, ఏసీ హాలు, షటిల్ ఆట కోర్టు, అన్నీ ఉన్నాయి. మా వాళ్ళందరినీ సభ్యులుగా చేర్చుకోవడానికి వాళ్ళు ఒప్పుకున్నారు. జయంతి గారిది తప్పనలేను. ఆదివారం ఇంటి పని వదిలి అంత దూరం కారు నడుపుకుంటూ వస్తే, ఇక్కడ పది మంది ఆవలిస్తూ కూర్చుంటున్నారు. ఏజీఎంలో తీర్మానం పెడతానన్నారు. ఏజీఎం అంటే ఏడాదికొకసారి సభ్యులంతా కూర్చుని పెద్ద నిర్ణయాలు తీసుకునే మీటింగు. దానికి కనీసం ఇంతమంది రావాలని ఒక లెక్క ఉంటుంది, దాన్ని కోరం అంటారు. ఆ రోజు కోరం నిండాలని జయంతి గారే అందరికీ ఫోన్లు చేశారు. చాలామంది వస్తామన్నారు, ఇదే ఆఖరని.

ఆ వారంలోనే బిల్డింగు ఓనరు హాలు నేలకు పగుళ్ళు పూడ్చి కొత్తగా ఎర్ర సిమెంటు వేయించాడు. మేస్త్రి నన్ను పిలిచి గట్టిగా చెప్పాడు, ఇనుప కుర్చీ కాలు ఆనితే గుంట పడుతుంది, చెప్పులతో ఒక్కరు కూడా లోపలికి రాకూడదని. జయంతి గారికి ఫోన్ చేసి, మీటింగు వాయిదా వేయలేమా అని తమిళంలోనే అడిగాను. మేము మాట్లాడుకునేది తమిళంలోనే.

"నోటీసు పోయిందమ్మా, ఇక మార్చలేం. చాపలు వేసేయండి" అన్నారు.

పక్కనున్న కల్యాణ మండపం నుంచి కోరచాపలు తెచ్చి పరిచాను. చాపలకు వరస ఏముంది, గోడకు గోడకు మధ్య పట్టినన్ని వేశాను.

సాయంత్రం ఒక్కొక్కరే వచ్చారు. గుమ్మంలో ఆగి, బూట్లు విప్పి, మేజోళ్ళు ఏం చేయాలో తెలియక బూట్లలో కుక్కి, లోపలికి వచ్చారు. ప్యాంట్లతో కింద కూర్చోవడం చాలామందికి అలవాటు తప్పింది. కృష్ణసామి గారికి మోకాళ్ళ నొప్పి. గోడ పట్టుకుని సగం వంగి, ఇక ఆపుకోలేక దబ్బున కూలబడ్డారు.

"అయ్యో, సస్తినే! పట్టుకోండప్పా!"

ఆ తెలుగు కేక హాలంతా వినబడింది. ముందు వైపు కూర్చున్న రెంగసామి గారు వెనక్కి తిరిగారు.

"ఎద్దు కాలైతే నేను సూస్తును కిట్నసామీ. వక్కీలు కాలికి నాకాడ మందు లేదు."

"నీ సేతిలో పడిన ఎద్దు ఏది లేసి నిలబడింది మామా?"

మొదట ఎవరో వెనక నుంచి నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. "మామ ఎట్లయితాడు మీకు?" అని మిల్లు ఇంజినీరు ఒకాయన అడిగారు, తెలుగులోనే. కృష్ణసామి గారు కాళ్ళు చాపుకుని, తన మేనత్తను ఎవరికి ఇచ్చారో, ఆవిడ తోటికోడలు ఎవరో చెప్పడం మొదలుపెట్టారు. మా వైపు ఇంట్లో ఇద్దరు కలిస్తే ముందు జరిగేది అదే. వరస తేలితే గాని మాట సాగదు, తేలితే ఇక ఆగదు. కుర్చీల మీద ఒక్కనాడూ జరగలేదు. ఎవరు ఎవరికి బావ, ఎవరు మరిది అన్న లెక్కలు చాపల మీద నాలుగు వైపులా మొదలయ్యాయి. బావ అని తేలిన వెంటనే వెక్కిరింతలు కూడా.

జయంతి గారు కాగితాలు పట్టుకుని లేచి తమిళంలో చదవసాగారు. విరుదునగర్ క్లబ్బు, దాని వసతులు, మన సభ్యుల హాజరు. కృష్ణసామి గారు చెయ్యెత్తారు.

"కొంచెం ఉండమ్మా. నీది ఏ ఊరు?"

"విరుదునగర్ సార్." ఆవిడ జవాబు తమిళంలోనే.

"అది నీ మొగుడూరు. మీ అమ్మది ఏ ఊరు?"

ఆవిడ కాగితాలు కిందికి దించారు.

"నాగలాపురం పక్కన," అన్నారు తెలుగులో. "ఎద్దుల దొరసామి ఇల్లంటారు. ఆయన మా అమ్మకి నాయన."

రెంగసామి గారు మోకాళ్ళ మీద లేచారు. "ఎద్దుల దొరసామి మనవరాలా నువ్వు? ఆయన ఎద్దుకి సూది వేసినందుకు అది నన్ను బాయి గట్టుదాకా తరిమింది గదమ్మా!"

జయంతి గారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. "ఆ కత మా అమ్మ సెప్పి సెప్పి నవ్వుతాది. పంచె ముళ్ళకంపకి ఇచ్చేసి పరిగెత్తిన డాక్టరు మీరేనా మామా?"

"పంచె కాదు, తుండు! తుండే పోయింది!"

"మా అమ్మ పంచె అనే సెప్పింది."

ఇక ఎవరి మాటా ఎవరికీ వినబడలేదు. రెంగసామి గారు నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నారు. నేను కాఫీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాను, లోపలికి అడుగు పెట్టే సందు లేక. నవ్వులు తగ్గాక, జయంతి గారు తనకు చెల్లెలు వరస అవుతారని కృష్ణసామి గారు తేల్చారు.

"సెల్లెలా, ఒకటి సెప్పు. ఆ క్లబ్బులో ఇట్ల కాళ్ళు సాపుకుని కూసోనిస్తారా?"

జయంతి గారు చేతిలోని కాగితాలు చూసుకున్నారు. "బూట్లు లేకుంటే లోపలికే విడవరన్నా."

ఓటుకు చేతులెత్తమన్నారు. విరుదునగర్ క్లబ్బులో కలవడానికి నాలుగు చేతులు లేచాయి. జయంతి గారి చెయ్యి ఒళ్ళోనే ఉంది. తీర్మానం నెగ్గలేదని ఆవిడ తమిళంలో ప్రకటించారు, మినిట్స్ రాసేది అందులోనే గనక. మినిట్స్ అంటే మీటింగులో జరిగిన దాని రాత. రెంగసామి గారు ప్రెసిడెంటుగా రెండు మాటలు చెప్పాలి. లేచి నిలబడి, అందరికీ దండం పెట్టి, మళ్ళీ కూర్చున్నారు.

వాళ్ళు వెళ్ళాక చాపలు ఎత్తడానికి పోతే ఒక్కటీ నేను వేసిన చోట లేదు.

ఒక సంగతి కూడా చెప్పాలి. ఆ రోజు హాల్లో దాదాపు అందరికీ వరసలు దొరికాయి. నన్ను ఎవరూ నీది ఏ ఊరని అడగలేదు. కాఫీ ఇచ్చుకుంటూ తిరిగాను. ఫిర్యాదుగా చెప్పడం లేదు, జరిగింది జరిగినట్టు చెబుతున్నాను.

తర్వాత క్లబ్బు పెరిగింది. నేల గట్టిపడ్డాక కుర్చీలు వేయమంటారా అని జయంతి గారిని అడిగాను. "ఒక్కటి చాలు, కిట్నసామన్న మోకాలికి" అన్నారు, ఈసారి తెలుగులో. భార్యలు, భర్తలు, ముసలి అత్తలు రావడం మొదలైంది. డిగ్రీ ఉంటేనే సభ్యత్వం అన్న నియమం తీసేశాక నేతమగ్గాల ఇళ్ళవాళ్ళు చేరారు. ఆ బ్యాంకు మేనేజరు మరోసారి వచ్చి, ఎక్కడ కూర్చోనండీ అని అడిగితే, కొంచెం జరిగి చాప మీద చోటు చూపించారు. ఆయన కోసం ఎవరూ మాట మార్చలేదు.

మరుసటి ఏడాది ఒక రిటైర్డ్ తెలుగు టీచరమ్మను పిలిపించి, పిల్లల కోసం ఆదివారం ఉదయం అక్షరాల క్లాసు పెట్టారు. పిల్లల వెనక పెద్దలూ కూర్చున్నారు. నేను ఏ అక్షరమూ నేర్చుకోకుండానే యాభై దాటినదాన్ని. ఒకే చాప మీద వక్కీలు, ఆడిటరు, నేను పలక మీద అ, ఆ దిద్దాం. కృష్ణసామి గారు ఋ దగ్గర అలిగి రెండు వారాలు రాలేదు. ఆ చాప మీదే ఒకనాడు జయంతి గారు పలక పక్కన పెట్టి నన్ను అడిగారు, "అక్కా, నీది ఏ ఊరు?" కారియాపట్టి దగ్గరని చెప్పాను. ఇద్దరం చాలాసేపు వెతికాం. వరస ఏదీ దొరకలేదు. అక్క అనే పిలుపు మాత్రం అలాగే ఉండిపోయింది.

హాలు సిద్ధం చేయడమంటే కుర్చీలు తిన్నగా వేయడం అనుకునేదాన్ని. మనుషులు ఎక్కడ చెప్పులు విడుస్తారో, ఎట్లా కూర్చుంటారో, దాన్ని బట్టి వాళ్ళ నోట ఏ మాట వస్తుందో తేలుతుందని ఆ సాయంత్రం చూశాను. ఇప్పుడు ఎవరు పెళ్ళికి, మీటింగుకు హాలు అడిగినా నేను మొదట అడిగేది, కింద కూర్చుంటారా అని.

రెంగసామి గారు ఇప్పటికీ వంటింటి గుమ్మానికి వస్తారు. చక్కెర వేశానా అని అడిగి గ్లాసు అందుకుంటారు. లోపల కృష్ణసామి గారు పంచె కథ మళ్ళీ ఎవరికో చెబుతుంటారు. "తుండురా అది, తుండు!" అని అరుస్తూ రెంగసామి గారు హాల్లోకి వెళ్ళిపోతారు. నాతో మాట్లాడేది బాగా తగ్గిపోయింది. పీట ఖాళీగా ఉంటోందని ఇప్పుడు దాని మీద నూనె డబ్బా పెట్టుకుంటున్నాను.