కోచ్ గెలుపులను నేను తూచిన తీరు

ఎనిమిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. నా అబద్ధాల్లో ఇదొక లెక్కా అని నన్నెరిగినవాళ్లు నవ్వుతారు. మా తాత ఎలుగుబంటితో పేకాడి గెలిచాడని నలుగురిని నమ్మించినవాణ్ణి. అవన్నీ గాలికి పోయాయి. ఇది పోలేదు.

అమెరికాలో, ఇల్లినాయి రాష్ట్రంలోని ఒక చిన్న యూనివర్సిటీలో గణాంకాల ఆఫీసు ఉద్యోగం నాది. అక్కడి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు కోచ్ నా స్నేహితుడు. సాయంత్రం ప్రాక్టీస్ వేళ బెంచీ మీద తన పక్కన నాకు చోటు ఉంచేవాడు. నేను కోతలు కోసేవాణ్ణి. అబద్ధమని తెలిసీ, కళ్లు ఆటగాళ్ల మీదే ఉంచి, "తర్వాత?" అనేవాడు. సెప్టెంబరులో గాలి చల్లబడితే చాలు, ఆ మాట కోసం ఇప్పటికీ ప్రాణం కొట్టుకుంటుంది. అలా వినే మనిషి మళ్లీ దొరకలేదు.

ఇక్కడ కాలేజీ జట్లను కాన్ఫరెన్సులనే గుంపులుగా విడదీస్తారు. ఏడాదిలో ఎక్కువ ఆటలు సొంత గుంపులోనే. మాది బలహీనమైన గుంపు. కోచ్ ఏటా గెలిచేవాడు. తలో వంటా తెచ్చుకుని కలిసి తినే మా తెలుగువాళ్ల పాట్‌లక్‌లో మాత్రం ఆ గెలుపులకు విలువ ఉండేది కాదు.

"ఎవరి మీద గెలిచిండన్నా? మన క్రికెట్ అంకుల్స్‌ని దింపినా ఆ టీమ్స్ మీద గెలుస్తరు," అన్నాడు ఒకసారి కరీంనగర్ మిత్రుడు సుధాకర్.

"ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం," అన్నాను. ప్లేట్లు పట్టుకుని నిలబడ్డ వాళ్లందరూ నవ్వారు. ఆ నవ్వు నా తలకెక్కింది.

2007 చలికాలంలో కోచ్ కాంట్రాక్టు పొడిగించాలా వద్దా అని కమిటీ వేశారు. గెలుపులను కాన్ఫరెన్స్ బలంతో తూచి పట్టిక ఇమ్మని నన్ను అడిగారు. గుంపు దాటి ఆడినప్పుడు అతను రెండుసార్లు పెద్ద కాన్ఫరెన్స్ జట్లను వాళ్ల మైదానంలోనే ఓడించాడు. అతని సత్తా తేల్చేవి ఆ రెండే. అవి ఉంటే నా సామెత నిలబడదు. తీసేశాను. పైన చిన్న అక్షరాలతో "కాన్ఫరెన్స్ ఆటలు మాత్రమే" అని రాశాను, అబద్ధం కాదనిపించుకోవడానికి. కమిటీలో ఆట తెలిసినవాళ్లు తక్కువ. పట్టికనే నమ్మారు. సామెతను ఇంగ్లీషులో చెప్పాను. నవ్వారు. కాంట్రాక్టు పోయింది.

అతని మీద కసి ఉందా నాకు? లేదు. అసూయా? ఎంత తవ్వినా ఆ నవ్వు తప్ప ఇంకేమీ దొరకదు. పగబట్టి చేసినదానికన్నా ఒక నవ్వు కోసం చేసినది తక్కువ పాపమా, ఎక్కువ పాపమా అని నన్ను నేను ఎన్నిసార్లు అడిగినా, ప్రతిసారీ నాకు అనుకూలమైన జవాబే చెప్పుకున్నాను.

వెళ్లే రోజు పార్కింగ్ లాట్‌లో అతను పెట్టెలు సర్దుకుంటుంటే వెళ్లాను.

"ఆ రెండు గేమ్స్ వాళ్లకి చూపించావు కదా?" అని అడిగాడు.

"చూపించాను."

చేతిలోని పెట్టెను డిక్కీలోకి తోశాడు. "అయితే చూసే వద్దన్నారన్నమాట. నేనే వాటిని పెద్దవనుకున్నాను."

నా భుజం తట్టి కారెక్కాడు.

మళ్లీ ఎక్కడా కోచ్‌గా చేరలేదు. అయోవాలో ఏదో ఊళ్లో పిల్లలకు డ్రైవింగ్ నేర్పుతున్నాడని విన్నాను. ఉద్యోగం పోవడం ఒక ఎత్తు. తన బతుకులోని రెండు గొప్ప రోజులు కూడా ఉత్తవేనని నమ్మి బతకడం ఇంకో ఎత్తు. అలా నమ్మించింది నేను. నంబరు నా దగ్గర ఉంది. రెండుసార్లు ఫోన్ చేసి, మోగకముందే పెట్టేశాను. అతను ఎత్తితే నిజానికి బదులు ఇంకో కథ అల్లుతానేమోనని భయం.

మీతో అల్లలేదు. ఆ రెండు గేమ్స్ నేను చూపించలేదు. ఈ మాట రాయడానికి ఎనిమిదేళ్లు పట్టింది. రాశాక ఊపిరి కొంచెం ఆడుతోంది. అతనికి మాత్రం ఇంకా తెలియదు.